ఠాణాలో మా మాటలున్నాయి

ఇరవయ్యేళ్ల కిందట మేం పొద్దంతా ఒక తెలుగు పత్రికకు క్రైం వార్తలు రాసి, రాత్రి అవే వార్తల్ని ఒక ఉర్దూ పత్రికకు తిరగరాసి ఇచ్చేవాళ్లం. రెండు జీతాలు కలిపినా ఒక జీతం కాని రోజులు. అట్లా రాసేటప్పుడు ఒక సంగతి గమనించాం. వార్తలో సగం మాటలు తర్జుమా చేయాల్సిన పనే లేదు. ఫిర్యాదు, దర్యాప్తు, తనిఖీ, గస్తీ, బందోబస్తు, జప్తు, హాజరు, ఖైదీ, జామీను, వకీలు, వకాల్తా, జరిమానా, నకలు. లిపి మారిస్తే చాలు, ఉర్దూ వార్త తయారు. శ్రీకాకుళంలో కేసైనా, అనంతపురంలో కేసైనా అంతే. ఉర్దూ ముక్క రానివాడు కూడా ఠాణా మెట్లెక్కితే ఉర్దూయే మాట్లాడతాడు, తనకు తెలియకుండానే.

ఒక్క మాట దగ్గర మాత్రం ప్రతిసారీ చెయ్యి ఆగేది. ముద్దాయి. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, తనకు అన్యాయం జరిగిందని చెప్పుకున్నవాడు. నేరం మోపబడినవాడు ముల్జిమ్. తెలుగులోకి వచ్చేసరికి ఆ మాట తలకిందులైంది. ఫిర్యాదు చేసినవాడి పేరు తెచ్చి బోనులో ఉన్నవాడికి తగిలించారు. ఎప్పుడు, ఏ కచేరీలో, ఏ గుమాస్తా చేతిలో ఇట్లా తిరగబడిందో భాష తెలిసిన పెద్దలు తేల్చాలి. మేం మాత్రం ఒక రాత్రి నిద్రమత్తులో ముద్దాయిని ముద్దయీ అనే రాసి పంపాం. తెల్లారి ఉర్దూ డెస్కు పెద్దమనిషి ఫోను చేసి నవ్వాడు. "మియా, దొంగను తెచ్చి ఫిర్యాదీని చేశారేంది?"

ఆ రాత్రి మేమూ నవ్వుకున్నాం. తర్వాత తర్వాత ఆ మాట గుర్తొచ్చినప్పుడు నవ్వు రాలేదు. మరో సంగతి కూడా ఉంది. పట్టుకోవడం, వెతకడం, జప్తు చేయడం, ఖైదులో పెట్టడం వరకు మా మాటలు తీసుకున్న తెలుగు, ఆ తర్వాతి మెట్టుకు వచ్చేసరికి న్యాయం అంది, సాక్షి అంది, తీర్పు అంది. ఇన్సాఫ్ అన్న మాట తెలుగులోకి రానేలేదు. ఇది ఎవరో పన్నిన కుట్ర అనడం లేదు. భాషలు అట్లా కుట్రలు పన్నవు. కానీ ఠాణాలో మా మాటలున్నంతగా మేం లేమన్న సంగతి చెప్పడానికి ఇంతకంటే మంచి మొదలు మాకు దొరకలేదు.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. ఒకప్పుడు ఠాణా మాదేనని, నవాబుల కాలంలో కొత్వాలు నుంచి జవాను దాకా అంతా మావాళ్లేనని ఇప్పటికీ కొందరు మురిసిపోతారు. ఆ పేరు చెప్పే మరికొందరు మమ్మల్ని తిడతారు. ఇద్దరూ మరిచిపోయే విషయం ఒకటుంది. హైదరాబాద్ కొత్వాలుగా జనం నోట బాగా నిలిచిన పేరు రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డిది. 1920 నుంచి 1934 దాకా ఆయన ఉస్మాన్ అలీఖాన్ కొలువులో కొత్వాలు. రెడ్డి హాస్టల్ కట్టించిన మనిషీ ఆయనే. కాబట్టి ఠాణా ఎప్పుడూ మతానిది కాదు, సర్కారుది. జాగీర్దారుకు, దొరకు అది సలాం కొట్టింది. రైతును, కూలిని, ముస్లిం గరీబును ఒకే లాఠీతో కొట్టింది. మా తాతలకు మిగిలింది ఠాణా భాష. ఠాణా అధికారం కాదు.

ఆ భాష అర్థం కూడా 1948లో మారిపోయింది. పాతబస్తీ పెద్దలు కాలాన్ని రెండు ముక్కలు చేసి చెప్పేవారు, పోలీస్ ఆక్షన్‌కు ముందు, పోలీస్ ఆక్షన్ తర్వాత అని. ఆ సెప్టెంబర్ 13న హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది సైన్యం. విమానాలు వచ్చాయి, ట్యాంకులు వచ్చాయి. పెట్టిన పేరు మాత్రం పోలీసు చర్య. రజాకార్లు ఊళ్లమీద పడి చేసిన దుర్మార్గాన్ని మేం దాచం, దాచాల్సిన అవసరం మాకు లేదు. కానీ ఆ తర్వాత పల్లెల్లో, ముఖ్యంగా మరాఠ్వాడా, కర్ణాటక జిల్లాల్లో ఏం జరిగిందో చూసి రమ్మని ఢిల్లీ పంపిన సుందర్‌లాల్ కమిటీ, చనిపోయినవారు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని రాసింది. ఆ నివేదికను ఏళ్ల తరబడి జనానికి చూపలేదు. నౌకరీలు పోయినవారు పోయారు, కరాచీ ఓడ ఎక్కినవారు ఎక్కారు. మిగిలినవారి ఇళ్లల్లో పోలీసు అన్న మాట ఒక ఉద్యోగం పేరు కాకుండా ఒక సంఘటన పేరుగా నిలిచిపోయింది. గుంటూరు, కడప, కర్నూలు ముస్లింలకు ఈ జ్ఞాపకం లేదు. వాళ్లు మద్రాసు పోలీసు చూసినవాళ్లు. ఈ తేడాను మా రచయితలు కూడా ఒక్కోసారి పట్టించుకోరు. ముస్లిం అనగానే చార్మినార్ నీడలో నిలబెట్టి మాట్లాడిస్తారు.

అంకెలు కొన్ని చెప్పి ముందుకు పోతాం. దేశ జనాభాలో ముస్లింలు 13.4 శాతం అని 2001 జనాభా లెక్కలు చెప్పాయి. 2006లో సచార్ కమిటీ లెక్క ప్రకారం ఐపీఎస్‌లో వారు 4 శాతం, కానిస్టేబుళ్లలో 6 శాతం. 2013 తర్వాత పోలీసుల్లో ముస్లింలెందరన్న లెక్కను జాతీయ నేర గణాంకాల పుస్తకంలో వేయడమే మానేశారు. జైళ్ల లెక్క మాత్రం వేశారు. 2014లో విచారణ ఖైదీల్లో ముస్లింలు 21 శాతం, శిక్ష పడినవారిలో 16 శాతం. ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడాను సెక్యులర్ మిత్రులు ఒక్క నిమిషం ఆగి చూడాలి. శిక్ష పడినవారిలో కంటే విచారణ పేరుతో లోపల కూచున్నవారిలోనే మా వాటా ఎక్కువ. ముద్దయీ కాదు, ముజ్రిమ్ కాదు, ముల్జిమ్. మేమంటే దేశానికి ఎక్కువగా గుర్తొచ్చే హోదా అదే.

2019లో కామన్ కాజ్, లోక్‌నీతి సంస్థలు 21 రాష్ట్రాల్లో దాదాపు 12 వేల మంది పోలీసులను ప్రశ్నలడిగాయి. ముస్లింలకు నేరం చేసే గుణం సహజంగా ఉంటుందా అన్న ప్రశ్నకు 14 శాతం మంది చాలా ఉంటుందని, 36 శాతం మంది కొంత ఉంటుందని చెప్పారు. అంటే సగం మంది. వీధిలో ఎదురైన ఇద్దరు పోలీసుల్లో ఒకరు మా పుట్టుక మీదే ఎఫ్‌ఐఆర్ రాసుకుని ఉన్నారన్నమాట.

మరి ఆ రెండో పోలీసు సంగతేమిటి? మరీ ముఖ్యంగా, ఆ ఖాకీ లోపలే ఉన్న నూటికి ఆరుగురు మనవాళ్ల సంగతేమిటి? పక్కన లాఠీ పట్టుకుని నిలబడ్డవాడు తన కులాసా కబుర్లలో ఈ మాట అంటుంటే విని, మర్నాడు వాడితో కలిసే గస్తీ తిరిగే కానిస్టేబుల్ ఏ కథలో ఉన్నాడు? ఏ సినిమాలో ఉన్నాడు? ఈ వ్యాసం రాయడానికి కారణం ఈ ప్రశ్నే.

సినిమాలో ఉన్నాడు. కానీ ఒకే ఒక పని మీద ఉన్నాడు. 1999లో వచ్చిన 'సర్ఫరోష్' మా తరం ముస్లిం కుర్రాళ్లంతా రెండు మూడుసార్లు చూసిన సినిమా. అందులో ఇన్‌స్పెక్టర్ సలీం. ముకేశ్ రిషి ఆ పాత్ర వేశాడు. నేరస్తుడు చేజారితే సలీం నిజాయితీ మీదే అనుమానం వస్తుంది. కేసు అతని చేతి నుంచి పోయి ఆమిర్ ఖాన్ వేసిన అజయ్ రాథోడ్ చేతికి వస్తుంది. సలీం మనసు విరుగుతుంది, అయినా మళ్లీ వచ్చి తన పని చేస్తాడు, ఈ దేశం నాది కాదని ఇంకే సలీంతోనూ అనొద్దని అడుగుతాడు. థియేటర్లో చప్పట్లు పడ్డాయి. మేమూ కొట్టాం. ఆ చప్పట్లు అబద్ధం కాదు, ఆ గొంతులోని నొప్పీ అబద్ధం కాదు. అయినా అడగాల్సింది అడగాలి. సినిమాలో అజయ్ రాథోడ్‌కు ఇల్లుంది, ప్రేమ ఉంది, పాట ఉంది, పగ ఉంది. సలీంకు ఉన్నది విధేయత ఒక్కటే. అనుమానం వచ్చినప్పుడు బాధపడటం, అవసరమైనప్పుడు రుజువు చేసుకోవడం. ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం చేస్తున్నాడు గానీ కథలో అతని అసలు ఉద్యోగం సాక్ష్యం చెప్పడం. అదీ తన మీద తానే.

పందొమ్మిదేళ్ల తర్వాత, 2018లో అనుభవ్ సిన్హా తీసిన 'ముల్క్' ఇంకో మెట్టు లోపలికి దిగింది. కాశీలో ఒక వకీలు కుటుంబం, ఉగ్రవాదంలోకి పోయిన తమ్ముడి కొడుకు. వాణ్ణి కాల్చి చంపింది ఉగ్రవాద నిరోధక దళం అధికారి దానిష్ జావేద్. రజత్ కపూర్ ఆ పాత్రను గొంతు పెంచకుండా చేశాడు. వాణ్ణి ప్రాణాలతో పట్టుకునే వీలుండి కూడా ఎందుకు కాల్చావని కోర్టులో ఆ ఇంటి కోడలే, హిందువుగా పుట్టిన వకీలు, అతణ్ణి నిలదీస్తుంది. తన కౌమును చూసి సిగ్గుపడే అధికారి, ఆ సిగ్గును తుపాకీతో కడుక్కోవాలనుకునే అధికారి. ఇటువంటి మనుషులు మాకు తెలుసు. ఖాకీలోనే కాదు, పత్రికాఫీసుల్లో, కాలేజీల్లో ఉన్నారు. మొహర్రం వార్త రాయాల్సివస్తే పక్కవాడికంటే రెండు వాక్యాలు కటువుగా రాసేవాళ్లు. మేమూ ఒకటి రెండుసార్లు అట్లా రాశాం, ఒప్పుకుంటున్నాం. దానిష్ జావేద్‌ను చూస్తూ కుర్చీలో ఇబ్బందిగా కదిలింది అందుకే. అయితే 'ముల్క్' కూడా అతణ్ణి బోనులోనే చూపింది. అతను పొద్దున్నే యూనిఫాం వేసుకుంటూ భార్యతో ఏం మాట్లాడాడో, పైవాడు అతనికి ఆ దళంలో ఎందుకు చోటిచ్చాడో మనకు తెలియదు.

తెలుగు సినిమా ఇంకా తెలివైనది. పోలీసు హీరో లేనిదే పూట గడవని పరిశ్రమ ఇది. అందులో ముస్లిం పోలీసు హీరో కోసం వెతికి కళ్లు కాయలు కాయించుకోవాలి. కృష్ణవంశీ 2002లో తీసిన 'ఖడ్గం' తీసుకుందాం. దేశభక్తి సినిమాల్లో మా గురించి కాస్త మర్యాదగా మాట్లాడిన సినిమాగా దానికి పేరుంది. అందులో శ్రీకాంత్ పోలీసు అధికారి రాధాకృష్ణ. ప్రకాశ్‌రాజ్ ఆటో నడిపే అంజాద్. అంజాద్ తమ్ముడు ఉగ్రవాది. అంటే పోలీసు ఖాకీ రాధాకృష్ణకు వచ్చింది. ఆటోవాలా ఖాకీ అంజాద్‌కు వచ్చింది. ఖాక్ అంటే మట్టి, మట్టి రంగు బట్ట ఖాకీ. ఆ మాటా మాదే. ఒకే మట్టి నుంచి వచ్చిన రెండు చొక్కాలు. ఒకటి అనుమానించేది, ఇంకోటి అనుమానం తీర్చేది. అంజాద్ మంచివాడు, దేశభక్తుడు, ప్రకాశ్‌రాజ్ ప్రాణం పెట్టి చేశాడు. కానీ ఆ చొక్కాలు మార్చి చూస్తే కథ నిలుస్తుందా అని దర్శకుడికి తట్టలేదు. చూసిన మాకూ అప్పుడు తట్టలేదు.

సినిమావాళ్లను ఇంత దూరం నిలదీశాక మా ఇంట్లోకి కూడా చూసుకోవాలి. 'పుట్టుమచ్చ' 1991లో వచ్చింది. 'జల్‌జలా' 1998లో, 'వతన్' 2004లో. ఈ పుస్తకాలు మాకు నోరిచ్చాయి. ముస్లిం తెలుగులో ఏడవొచ్చని, తిట్టొచ్చని, లెక్కలడగొచ్చని చూపించాయి. ఆ రుణం తీరేది కాదు. కానీ ఆ తర్వాత మేం రాసిన కవితల్లో, కథల్లో ఎక్కువ వాటిలో పోలీసు తలుపు బయటి నుంచే వస్తాడు. బూట్ల చప్పుడు, లాఠీ, అమ్మ ఏడుపు, జీపు వెళ్లిపోవడం. అది నిజం కాదని ఎవరన్నా అంటే మేం ఊరుకోం. 2007 మే 18 శుక్రవారం మక్కా మసీదులో బాంబు పేలి 9 మంది చనిపోయారు. ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో 5గురు చనిపోయారు. ఆగస్టులో లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లు, 42 మంది. ఆ నెలల్లో ఎందరు కుర్రాళ్లను ఎక్కడెక్కడికి తీసుకుపోయారో, ఏం చేశారో మైనారిటీ కమిషన్ తరఫున న్యాయవాది రవిచందర్ నమోదు చేశారు. కోర్టులు వాళ్లను వదిలేశాయి. తర్వాత ప్రభుత్వం తప్పు ఒప్పుకున్నట్టుగా 20 మందికి 3 లక్షల చొప్పున, 50 మందికి 20 వేల చొప్పున పరిహారమిచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం చెల్లదంది. 2015 ఏప్రిల్ 7న ఆలేరు దగ్గర, వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకొస్తున్న వాహనంలోనే 5గురు విచారణ ఖైదీలను కాల్చారు. చేతులకు బేడీలతో. ఇవన్నీ ఉండగా మా కవి పోలీసును వాకిట్లో నిలబెట్టి తిట్టాడంటే తప్పు పట్టేవాడెవడు?

పరిహారంతో పాటు ఆ కుర్రాళ్లకు సర్కారు ఇంకోటిచ్చింది. సత్ప్రవర్తన పత్రం. ఫలానావాడు మంచివాడని కాయితం. నౌకరీకి పోతే, ముఖ్యంగా సర్కారీ నౌకరీకి పోతే పాత కేసులేమన్నా ఉన్నాయా అని అడుగుతారు కాబట్టి. పట్టుకుపోయి కొట్టిందీ సర్కారే, మంచివాడని రాసిచ్చిందీ సర్కారే. ఆ కాయితం పట్టుకుని వాళ్లలో ఒకడు కానిస్టేబుల్ పరీక్షకు దరఖాస్తు పెట్టి ఉంటే ఏమయ్యేదన్న కథను మాలో ఎవరమూ రాయలేదు. రాయాల్సిన కథ అదే అని ఇప్పుడనిపిస్తున్నది. బాధితుడి కథ రాయడం మాకు వచ్చు. బాధితుడు ఆ చొక్కా కావాలనుకోవడం మా ఊహలోకి రాదు.

ఎందుకు రాదంటే మా ఇళ్లల్లోనే రాదు. "పోలీస్ నౌకరీ నక్కో బేటా, బద్దువా లగ్తీ." మా అమ్మీ అన్న మాటే ఇది. డిగ్రీ అయ్యాక మా తమ్ముడు ఎస్సై పరీక్షకు ఫారం తెచ్చుకుంటే అన్నది. నలుగురి శాపనార్థాలు తగులుతాయని ఆమె భయం. పైగా హరామ్ కమాయీ, లంచం కూడు. ఆ రెండింటి కింద మూడోది ఇంకోటి ఉంది, ఆమె పైకి చెప్పనిది. పక్క గల్లీ పిల్లవాణ్ణి పట్టుకురమ్మంటే వీడు పోవాలి కదా. పోకపోతే పైవాళ్లు అనుమానిస్తారు, పోతే గల్లీ ఉమ్మేస్తుంది. తమ్ముడు ఫారం మడిచి పెట్టేశాడు. ఇప్పుడు వాడు దుబాయిలో ఒక మాల్‌కు కాపలా కాస్తున్నాడు. యూనిఫాం వేసుకునే పోతాడు.

ఈ నేర న్యాయ వ్యవస్థలోనే వకీలు పనిని మాత్రం మా సమాజం ఇష్టంగా చూస్తుంది. దానికి కారణముంది. వకీలు మనవైపు నిలబడతాడు, వకాల్తా మనమే ఇస్తాం. ముస్లిం కుర్రాళ్ల తరఫున మాట్లాడిన బాలగోపాల్‌ను పాతబస్తీ ఇప్పటికీ తలుచుకుంటుంది, ఆయన లెక్కల పంతులు పని వదిలి వకీలైన మనిషి. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ముస్లిం జనాభా 9 శాతం చిల్లరైతే కోర్టుల కొలువుల్లో ముస్లింల వాటా 12 శాతం దాటిందని సచార్ కమిటీ కూడా రాసింది. మిగతా రాష్ట్రాలతో పోలిస్తే ఇది వింతే. ఉర్దూలో కోర్టులు నడిచిన గడ్డ కాబట్టి గుమాస్తా పని, నకలు రాసే పని ఇళ్లల్లో నిలిచిందని మా ఊహ. కోర్టు గుమ్మం దాకా వెళ్లిన కాళ్లు ఠాణా గుమ్మం దగ్గర ఆగిపోతున్నాయి.

2007 నుంచి బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చాక కొంత మారింది. పరుగు పందెం కోసం తెల్లారగట్ల మైదానాల్లో మా కుర్రాళ్లు కనిపిస్తున్నారు. కొద్దిమంది ఆడపిల్లలు కూడా. వాళ్లకు ఇంట్లో ఒక యుద్ధం, మైదానంలో ఇంకో యుద్ధం. కానీ మొగుడు కొట్టి ఠాణాకు వచ్చిన పాతబస్తీ ఆడమనిషి తన గోడు తన భాషలో చెప్పుకునేది ఆ పిల్లలకే. ఈ మాట అధికారులకు తెలుసు, మా పెద్దలకు మాత్రం ఎందుకో తట్టదు. పెద్ద కుర్చీల మాట వస్తే మా ఉర్దూ పత్రికలు పూలదండల ఫోటోలు వేస్తాయి. ఏ.కె. ఖాన్ నగర పోలీసు కమిషనర్ అయినప్పుడు వేశాయి. 2018 చివర్లో మహమూద్ అలీ తెలంగాణ హోంమంత్రి అయినప్పుడు, 2023 దాకా ఆ కుర్చీలో ఉన్నంతకాలం వేస్తూనే ఉన్నాయి. మేమూ శీర్షికలు పెట్టాం. ఆ ఫోటోల్లో అంచున, దండ పట్టుకుని నిలబడ్డ కానిస్టేబుల్ పేరు ఎప్పుడూ రాయలేదు.

పోలీసును లోపలి నుంచి రాయడమంటే పోలీసును వెనకేసుకు రావడం కాదు. ఈ భయం మా మిత్రుల్లో, ముఖ్యంగా విప్లవ సాహిత్యం చదివి పెరిగినవారిలో ఉంది. రావిశాస్త్రి 'ఆరు సారా కథలు' రాసినప్పుడు కోర్టులో వకీలు, బయట పోలీసు, మధ్యలో సారా అమ్ముకునే బీదవాళ్లు అందరూ ఒకే యంత్రంలో పళ్లచక్రాలుగా కనిపించారు. ఆయన వకీలు కాబట్టి యంత్రం లోపలి నూనె వాసన ఆయనకు తెలుసు. అట్లాగే వెట్రిమారన్ తమిళంలో తీసిన 'విసారణై'. గుంటూరు ఠాణాలో తమిళ కూలీలను కొట్టి నేరం ఒప్పించబోయిన కథ. దాని మూలం 'లాకప్' రాసిన చంద్రకుమార్ కోయంబత్తూరులో ఆటో నడిపిన మనిషి. ఆ దెబ్బలు గుంటూరులో తిన్నవాడు. రెండో ఖాకీ వేసుకున్నవాడు మొదటి ఖాకీ గురించి రాశాడన్నమాట. ఆ కూలీల్లో ఒకడు అఫ్సల్. అక్కడ వాళ్లను పట్టించింది మతం కాదు, భాష. ఠాణాకు అనుమానించడానికి ఏదో ఒకటి కావాలి, అది ఊరును బట్టి మారుతుంది. ఈ సంగతి మా కవిత్వం ఎప్పుడూ ఇంత స్పష్టంగా చెప్పలేదు. అందులో ముత్తువేల్ అనే ఇన్‌స్పెక్టరున్నాడు. మంచి చేయబోతాడు, ఆ యంత్రమే అతణ్ణి నమిలేస్తుంది. అతని మంచితనం అతన్ని కాపాడదు, ఆ కూలీలనూ కాపాడదు. సలీంకు దొరకని బతుకూ చావూ ముత్తువేల్‌కు దొరికాయి.

మలయాళంలో ఇంకో అడుగు ముందుకు పడింది. షాహీ కబీర్ కేరళ పోలీసులో ఉద్యోగం చేస్తూ సినిమాలు రాసిన మనిషి. 2021లో వచ్చిన 'నాయాట్టు' ఆయన రాసిందే. జాతీయ అవార్డు కూడా వచ్చింది. ముగ్గురు కింది స్థాయి పోలీసులు, ఒక రాత్రి ప్రమాదం, ఎన్నికల వేళ, తమ సొంత శాఖే తమను వేటాడటం. దళితుల పోరాటాన్ని ఆ సినిమా చూపిన తీరు మాకు నచ్చలేదు. అక్కడ కూడా దాని మీద గట్టి వాదనలే జరిగాయి. కానీ స్టేషన్ లోపలి గాలి, పైనుంచి ఫోను రాగానే కింది మనిషి వెన్నులో వచ్చే వణుకు, ఇవి బయటివాడు రాయగలిగినవి కావు. ఆ కథ 2023లో తెలుగులో 'కోటబొమ్మాళి పీఎస్' అయింది. అందులో పారిపోయే హెడ్ కానిస్టేబుల్ ఎవరనుకున్నారు? శ్రీకాంత్. ఇరవై ఒక్క ఏళ్ల కింద 'ఖడ్గం'లో అంజాద్ ఎదుట పోలీసు అధికారిగా నిలబడ్డ శ్రీకాంత్. ఆ చొక్కా బరువు ఏమిటో ఆ నటుడి భుజాల మీదే తెలుగు ప్రేక్షకుడికి మొదటిసారి కనపడిందంటే, దానికి అసలు మాటలు రాసిన చెయ్యి షాహీ కబీర్ అనే పేరున్న పోలీసుది. ఆయన రాసింది ముస్లిం పోలీసు కథ కాదు. ఆ ముగ్గురిలో ఎవరూ తన మతాన్ని రుజువు చేసుకోరు. అందుకే మాకు అసూయ కలిగింది. తెలుగులో ఇంకా ఆ స్వేచ్ఛ మాకు లేదు. ముందు సలీంను బోను దించి ఇంటికి పంపాలి. వాడు చెప్పులు విప్పి, టోపీ కొక్కేనికి తగిలించి, భార్య అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా అన్నం ముందు కూచోవాలి. అక్కడ మొదలుపెట్టే కథకుడు రావాలి.

ఈ వ్యాసం కోసమని మేం కొన్నాళ్లు మా పాత పరిచయాల్లో ఉన్న కానిస్టేబుళ్లతో కూచున్నాం. పేర్లు రాయొద్దన్న షరతు మీద మాట్లాడారు. పెద్ద పెద్ద బాధలు చెబుతారనుకున్నాం. చెప్పలేదు. రంజాన్‌లో బందోబస్తు పడితే ఇఫ్తార్ వేళకు తోటి కానిస్టేబుల్ ఖర్జూరాలు తెచ్చిపెడతాడని ఒకరన్నారు. అదే తోటి కానిస్టేబుల్ పాకిస్తాన్‌తో మ్యాచ్ ఉన్న రోజు కన్నుకొట్టి నవ్వుతాడని కూడా ఆయనే అన్నారు. రెండూ ఒకే మనిషి గురించి, ఒకే గొంతుతో. గణేశ్ నిమజ్జనం నాడు మసీదు ముందు నిలబెట్టేది తననేనని ఇంకొకరు. తప్పేముంది, భాష వస్తుంది కదా అని మేమంటే ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "రెండు పక్కలా నన్నే చూస్తారు సాబ్" అన్నారు.

చివరగా ఒకాయన చెప్పింది. వాళ్ల స్టేషన్‌కు ఒక ముసలమ్మ ఉర్దూలో రాయించుకున్న ఫిర్యాదు తెచ్చింది. కొడుకులు ఇల్లు రాయించుకుని బయటకు నెట్టారని. స్టేషన్‌లో ఉర్దూ చదివేది తనొక్కడే. బందోబస్తు నుంచి పిలిపించారు. ఈయన చదివి చెబుతుంటే రైటర్ తెలుగులో రాసుకున్నాడు. కాయితంలో ఆమె పేరు పక్కన ముద్దయీ అని ఉంది, ఈయన అట్లాగే చదివాడు. సంతకానికి ఆమె ముందు పెట్టే ముందు ఒకసారి చూస్తే రైటర్ ఆమె పేరు పక్కన ముద్దాయి అని రాసి ఉంచాడు. "అన్నా, ఇది తప్పు, ఈమె ఫిర్యాదీ" అంటే రైటర్ నవ్వి, మీ భాషే కదా, మీరే చెప్పారు కదా అన్నాడు. కొట్టేసి పైన రాద్దామన్నాడు. ఈయన ఒప్పుకోలేదు. కొట్టివేతలుంటే రేపు కోర్టులో వకీలు పట్టుకుంటాడని అన్నాడు. రైటర్ గొణుక్కుంటూ ఆ కాయితం చింపి, ఇంకోటి తీసి మొదటి నుంచి రాశాడు. ముసలమ్మ బెంచీ మీద కూచుని ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తూ ఉందట, ఏం గొడవో అర్థం కాక.